చిక్కబళ్ళాపురం సీమలో చలికాలం, స్కూటర్ బ్యాటరీ

స్కూటర్ బ్యాటరీ అంటే కొన్ని బండ్లలో సీటు కింద, కొన్నింట్లో కాళ్లు పెట్టుకునే పలక కింద ఒదిగి ఉండే 12 వోల్టుల చిన్న పెట్టె. మనం ఎక్కువగా చూసే పెట్రోలు స్కూటర్లలో దాని సామర్థ్యం 3 నుంచి 5 ఆంపియర్-అవర్లు. లోపల ఆరు గదులు, ఒక్కో గదిలో సీసం పలకలు, వాటి మధ్య గంధకామ్లం. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటె 1859లో చేసిన ఏర్పాటే ఇది, మూలసూత్రం ఇప్పటికీ మారలేదు. కార్తీకం దాటి మార్గశిరం పడ్డాక చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్లలో పొద్దున్నే సెల్ఫ్ కొడితే మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోవడం, లేదా రిలే ‘టిక్’మని ఊరుకోవడం బండి ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. చలికి బ్యాటరీ పోయిందంటారు, కొత్తది వేయిస్తారు. ఆ మాటలో సగమే నిజం ఉంది. ఈ సీమ చలికి మంచి బ్యాటరీని చంపే శక్తి లేదు. ఎండాకాలమూ మన వాడకమూ కలిసి పాడుచేసినదాన్ని చలి నలుగురికీ తెలిసేలా చేస్తుంది. జాగ్రత్తలు ఏ నెలలో మొదలుపెట్టాలో, ఏవి పనికొస్తాయో, ఏవి ఉత్తవో ఈ తేడా తెలిస్తేనే అర్థమవుతుంది.

ముందు ఇక్కడి చలి ఎంతో చూడాలి. ఈ మూడు ఊళ్లూ దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 700 నుంచి 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అనంతపురం వైపు ఒరిగిన బాగేపల్లి వాటిలో పల్లం, చిక్కబళ్ళాపురం మెరక. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మామూలుగా 12 నుంచి 16 డిగ్రీలు ఉంటుంది, కొన్ని రోజులు 10 దాకా దిగుతుంది. పక్కనున్న నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుందన్న లెక్కన సూర్యోదయం చూడటానికి కొండెక్కే బండ్లకు ఇంకో మూడు నాలుగు డిగ్రీల చలి తగులుతుంది. దగ్గరలో చాలాకాలంగా లెక్కలు రాసిపెట్టిన ఊరు బెంగళూరు. అక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో వచ్చిన 7.8 డిగ్రీలు. పూర్తిగా చార్జయిన బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు 50 డిగ్రీల కిందికి దిగినా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయి ఆమ్లం పలచబడ్డ బ్యాటరీ అయినా మైనస్ 10 ప్రాంతానికి వెళితే గానీ గడ్డకట్టదు. కాబట్టి గడ్డకట్టడం, పెట్టె పగలడం లాంటి భయాలను మిచిగన్‌లోనో టొరంటోలోనో ఉన్న మన బంధువులకు వదిలేయవచ్చు. రాత్రి బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకోవాలన్న సలహా కూడా వాళ్ల వాతావరణానికి పుట్టిందే.

అలాగని చలి చేసేది ఏమీ లేదని కాదు. బ్యాటరీలో కరెంటు పుట్టించేది రసాయన చర్య, చలికి ఏ రసాయన చర్య అయినా మందగిస్తుంది. మన దేశంలో బ్యాటరీ సామర్థ్యాన్ని 27 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ సామర్థ్యం సుమారు అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతుంది. 12 డిగ్రీల తెల్లవారుజామున పదో పదిహేనో శాతం పోయిందనుకోవచ్చు. లోపలి నిరోధం కూడా కొంత పెరుగుతుంది. ఇంకోపక్క ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. డబ్బా మీద ఉండే 10డబ్ల్యూ-30 అన్న గుర్తులో ‘డబ్ల్యూ’ అంటే చలికాలమనే అర్థం. ఆ ఆయిలే 30 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 10 డిగ్రీల దగ్గర సుమారు మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. ఇచ్చేవాడి చేయి కాస్త బిగుసుకున్న వేళలోనే అడిగేవాడి అవసరం పెరుగుతుందన్నమాట. చలి చేసే పని ఇంతవరకే. ఇది బ్యాటరీని పడగొట్టడానికి చాలుతుందా అన్నది లెక్క వేసి చూడాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురానికి కూతవేటు దూరం, లెక్క లేకుండా తీర్పు చెప్పడం ఈ నేలకు తగదు.

ఒక ఉజ్జాయింపు తీసుకుందాం. వేసవిలో సెల్ఫ్ మోటారు 40 ఆంపియర్లు లాగుతుందనుకుందాం, కొత్త బ్యాటరీ లోపలి నిరోధం 0.03 ఓం అనుకుందాం. గుండీ నొక్కిన క్షణాన 1.2 వోల్టులు లోపలే ఖర్చయి, 12.7 ఉన్నది 11.5కు దిగుతుంది, బండి లేస్తుంది. చలికి నిరోధం ఐదోవంతు పెరిగి, చిక్కటి ఆయిల్ వల్ల మోటారు 50 ఆంపియర్లు అడిగినా ఖర్చయ్యేది 1.8 వోల్టులే. ఇంకా 10.9 మిగిలింది, బండి మళ్లీ లేస్తుంది. ఇప్పుడు మూడేళ్లు నలిగిన బ్యాటరీని చూడండి. దాని నిరోధం రెట్టింపై 0.06కు చేరింది, నిండు చార్జి కూడా లేక 12.4 దగ్గర ఉంది. మే నెలలో 2.4 వోల్టులు పోయి సరిగ్గా 10 మిగులుతుంది, ఈడ్చుకుంటూ అయినా బండి లేస్తుంది. లేచింది కాబట్టి దాని సంగతి ఎవరికీ పట్టదు. అదే బ్యాటరీ జనవరిలో 3.6 వోల్టులు లోపలే పోగొట్టుకుని 8.8కు పడిపోతుంది. ఆ వోల్టేజీకి మోటారు తిరగదు, రిలే నిలబడదు. రెంటికీ పడింది ఒకే చలి. కొత్తదాని దగ్గర మిగులు ఉంది, పాతదాని దగ్గర లేదు. అంకెలు బండిని బట్టి మారతాయి గానీ ఫలితం తిరగబడదు.

మరి ఆ మిగులును తినేసింది ఎవరు? మొదటి దొంగ ఎండ. సీసం-ఆమ్లం బ్యాటరీల గురించి తయారీదారులందరూ ఒప్పుకునే లెక్క ఒకటుంది: 25 డిగ్రీలను దాటి ఎప్పుడూ ఎనిమిది, పది డిగ్రీల ఎక్కువ వేడిలో ఉండే బ్యాటరీకి ఆయుష్షు సగమవుతుంది. చల్లటి ఊరని పేరున్న బెంగళూరులోనే 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు వచ్చింది. బాగేపల్లి అంతకంటే పల్లం, అంతకంటే పొడి నేల. బస్టాండు ముందు నీడలేని చోట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలిపిన స్కూటరులో, నల్లటి పలక కింద ఇరుకు గదిలో ఉండే బ్యాటరీ బయటి గాలికంటే వేడిగానే ఉంటుంది. ఆ వేడికి పలకల జాలీ తుప్పు పడుతుంది, మూత బిగించిన రకంలో కూడా తేమ మెల్లగా హరిస్తుంది. రాష్ట్ర సరిహద్దు అవతల తిరుపతి దగ్గర కరకంబాడిలో కార్ఖానా ఉన్న అమరరాజా సంస్థ 1985లో మొదలైంది. తన కారు బ్యాటరీల గురించి ఆ సంస్థ చెప్పుకునే గొప్పల్లో వేడిని తట్టుకోవడం ఒకటి. ఈ ప్రాంతంలో బ్యాటరీకి అసలు శత్రువు ఎవరో తయారుచేసేవాళ్లకు తెలుసనడానికి ఆ ఒక్కటి చాలు.

రెండో దొంగ మన తిరుగుడు. ఒక్కసారి సెల్ఫ్ కొడితే పోయే చార్జి చాలా తక్కువ. 40 ఆంపియర్లు మూడు సెకన్లు అంటే 3 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఒక శాతం. ఆ శాతాన్ని తిరిగి నింపడానికి కొన్ని నిమిషాలైనా ఇంజన్ వేగంగా తిరగాలి. పొద్దున్నే పాలక్యాను పెట్టుకుని ఊరి డెయిరీ దాకా అరకిలోమీటరు, అక్కడ ఆపి తిరుగు ప్రయాణం అరకిలోమీటరు, మధ్యలో టీ అంగడి దగ్గర ఒక ఆపు. మూడు సార్లు సెల్ఫ్, మొత్తం నడక మూడు నాలుగు నిమిషాలు. పూలు మార్కెట్టుకు చేర్చేవాళ్లు, చింతామణి పేట వీధుల్లో అంగడి నుంచి అంగడికి తిరిగేవాళ్లు, ఇంటి నుంచి స్టేషను దాకా వెళ్లి బండి అక్కడ పెట్టి బెంగళూరు రైలెక్కే ఉద్యోగస్తులు, అందరిదీ ఇదే వరస. రోజూ ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువ తీసుకుంటూ పోతే బ్యాటరీ ఎప్పుడూ ముప్పావు నిండుగానే బతుకుతుంది. అలా సగం ఆకలితో ఉన్న పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది, మళ్లీ కరగదు. మెకానిక్కులు ‘సల్ఫేట్ పట్టింది’ అనేది దీన్నే. పై లెక్కలో నిరోధం రెట్టింపు కావడానికి ముఖ్యమైన కారణం ఇదే. చలి ఇక్కడ కొంత చేయి కలుపుతుందని ఒప్పుకోవాలి. 27 డిగ్రీల దగ్గర నిండటానికి 14.4 వోల్టులు చాలే బ్యాటరీకి 12 డిగ్రీల దగ్గర ఇంకో 0.3 వోల్టు కావాలి. చాలా స్కూటర్ల రెగ్యులేటరు ఆ తేడాను పట్టించుకోదు.

మూడోది అందరి కళ్లూ కప్పేది. జీపీఎస్ ట్రాకరో, దొంగల అలారమో, ఎప్పుడూ కరెంటులోనే ఉండే మొబైల్ చార్జింగ్ సాకెట్టో బిగించాక బండి నిద్రపోతున్నా అవి నిద్రపోవు. వాటన్నిటికీ కలిపి 10 మిల్లీఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.24 ఆంపియర్-అవరు. అంటే 3 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పన్నెండు రోజుల్లో ఖాళీ. సంక్రాంతి సెలవులకు బండిని తాళం వేసి వదిలి, రెండు వారాల తర్వాత వచ్చి సెల్ఫ్ కొట్టి, ‘చలికి పోయింది’ అనుకునేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి. విచిత్రం ఏమిటంటే ఏ తీగా తగిలించని బ్యాటరీ తనంతట తాను చార్జి కోల్పోవడం చలిలోనే నిదానం, వేసవిలో ఎక్కువ. ఊరికే నిలిపిన బండికి చలికాలం నిజానికి మంచి కాలం.

‘ఎన్ని లెక్కలు చెప్పినా బ్యాటరీలు ఆగేది చలికాలంలోనే కదా’ అన్న ఆక్షేపణ రాక మానదు. అది కళ్లారా చూసిన అనుభవం, కొట్టిపారేయకూడదు. కానీ ఒకటి తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. చలే కారణమైతే ఒకే వీధిలో, ఒకే రాత్రి, ఒకే మంచులో నిలిచిన పది బండ్లూ ఆగాలి. ఆగేది ఒకటో రెండో, అవి కూడా ఎక్కువగా పాతవీ తక్కువ తిరిగేవీ. ఇంకో రుజువు మధ్యాహ్నం దొరుకుతుంది. పొద్దున మొండికేసిన బండి పన్నెండు గంటల ఎండలో సెల్ఫ్‌కు లేస్తే చాలామంది బ్యాటరీ బాగైందనుకుని ఊరుకుంటారు. బాగు కాలేదు, గండం మర్నాటి పొద్దుటికి వాయిదా పడింది. అలా మధ్యాహ్నం లేచి పొద్దున లేవని బ్యాటరీ పూర్తిగా పోయే లోపు ఇచ్చే చివరి నోటీసు అదే.

‘సెల్ఫ్ లేకపోతే కిక్కు ఉంది’ అన్నది రెండో ఆక్షేపణ. దీనికి కొంత చరిత్ర కావాలి. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కాలంలో నిప్పురవ్వ ఫ్లైవీల్ మాగ్నెటో నుంచి పుట్టేది. బండిని పక్కకు వంచి, చోక్ లాగి, నాలుగు కిక్కులు కొడితే బ్యాటరీతో పని లేకుండానే లేచేది. 1984లో కైనెటిక్ హోండా సెల్ఫ్ గుండీని మన వీధుల్లోకి తెచ్చింది. 2001లో యాక్టివా వచ్చాక గేర్లు లేని స్కూటరు ఇంటింటి బండి అయింది. హోండా స్కూటర్లు ఈ సీమ పక్కనే కోలారు జిల్లా నరసాపురంలో 2013 నుంచి తయారవుతున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కార్బ్యురేటరు పోయి ఇంధన ఇంజెక్షను వచ్చింది. పెట్రోలును పంపే పంపుకూ, ఎంత పెట్రోలు పోయాలో తేల్చే చిన్న కంప్యూటరుకూ కరెంటు కావాలి. బ్యాటరీ కొంచెం నీరసంగా ఉంటే కిక్కు పనిచేస్తుంది, పూర్తిగా చచ్చిపోతే కాళ్లు నొప్పెట్టేదాకా కొట్టినా లాభం ఉండకపోవచ్చు. కొన్ని కొత్త మోడళ్లలో కిక్కే తీసేశారు. అయితే నీరసించిన రోజుల్లో పొద్దుటి మొదటి స్టార్టు కిక్కుతో కొట్టడం మంచి అలవాటే, అది బ్యాటరీ మిగులును కాపాడుతుంది.

బండి మీద గోనెపట్టా కప్పడం, బ్యాటరీ చుట్టూ గుడ్డ చుట్టడం కొందరి పద్ధతి. దుప్పటి మనిషిని వెచ్చగా ఉంచేది మనిషి ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి. నిలిపిన బ్యాటరీలో వేడి పుట్టదు. ఇంత చిన్న పెట్టె పట్టా కింద ఉన్నా తెల్లారేసరికి బయటి చలికి సమానమవుతుంది. పట్టా వల్ల మంచు తడి స్విచ్చుల మీద పడకుండా ఆగుతుంది, దాన్ని ఆ మేరకే మెచ్చుకోవాలి. బ్యాటరీ చుట్టూ చుట్టిన గుడ్డ మాత్రం వేసవిలో కూడా అక్కడే మిగిలిపోయి కీడు చేస్తుంది.

పనికొచ్చే జాగ్రత్త వేరే ఉంది. దీపావళి దాటిన వారంలో బ్యాటరీకి ఒక పరీక్ష చేయాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు చాలు, లేకపోతే మెకానిక్ దగ్గర ఉంటుంది. రాత్రంతా బండి కదలకుండా ఉంచి, పొద్దున తాళం తిప్పకముందే మీటరు ముళ్లు ఆనించాలి. 12.6కు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం. తర్వాత ఒకరు సెల్ఫ్ నొక్కుతుంటే ఇంకొకరు అంకె చూడాలి, పది వోల్టుల కంటే బాగా కిందికి పడితే మిగులు అయిపోయినట్టే. చివరగా ఇంజన్ను కాస్త వేగంగా తిప్పుతూ చూస్తే 13.5కు పైన, 14.8 లోపు ఉండాలి. ఆ అంకె రాకపోతే తప్పు రెగ్యులేటరులోనో మాగ్నెటో కాయిల్‌లోనో ఉంది, కొత్త బ్యాటరీ వేసినా నెలకు మళ్లీ అదే కథ. ఈ మూడు అంకెలు చూడకుండా బ్యాటరీ మార్చమనే సలహాను నమ్మాల్సిన పని లేదు.

అంతకంటే ముందు చూడాల్సింది టెర్మినళ్లు. గతుకుల దారుల్లో బోల్టులు వదులవుతాయి, తెల్లగానో ఆకుపచ్చగానో బూజులాంటి పొడి పేరుకుంటుంది. చచ్చిందని పక్కన పెట్టిన బ్యాటరీ ఈ పొడి గీకి బోల్టు బిగించాక లేచి కూర్చోవడం ఏ షెడ్డులోనూ వింత కాదు. ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ ఊడదీసి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, వెనక్కి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు పెట్టి, పైన కొంచెం వాజిలిన్ రాస్తే సరిపోతుంది. మూతలు తీసే పాత రకానికి గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్లు కూడదు. బోరునీళ్లలో ఉప్పుశాతం ఎక్కువైన ఈ జిల్లాలో ఆ పొరపాటు ఇంకా ఖరీదు. మూత బిగించి వచ్చే రకాన్ని విప్పనే కూడదు. సెల్ఫ్‌ను ఐదు సెకన్లకు మించి పట్టుకోకుండా పది పదిహేను సెకన్లు ఆగి మళ్లీ కొట్టాలి. వారానికి ఒకసారైనా ఆపకుండా అరగంట నడపాలి, చింతామణి నుంచి కైవారం పోయి వచ్చినా సరే. చార్జింగ్ పెట్టించాల్సి వస్తే సామర్థ్యంలో పదోవంతు చాలు, అంటే 0.3 నుంచి 0.5 ఆంపియరు. కార్ల చార్జరుకు తగిలించి గంటలో నింపేస్తామంటే వద్దనాలి. కొత్త బ్యాటరీ కొన్నప్పుడు కూడా ఒక మాట అడగాలి. ఆమ్లం పోసి పది నిమిషాల్లో బండికి బిగించేస్తే అది నిండు చార్జి లేకుండానే పని మొదలుపెడుతుంది. ఆమ్లం పీల్చుకునేదాకా ఆగి, మొదటి చార్జింగ్ పూర్తి చేసి ఇమ్మని పట్టుబట్టడం కొనేవాడి హక్కు.

ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఈ వాదన కొంత మార్పుతో వర్తిస్తుంది. లిథియం బ్యాటరీకి చలిలో అసలు ప్రమాదం సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెట్టడం, అప్పుడు లిథియం లోహం పొరగా పేరుకుంటుంది. నందికొండ మీద కూడా ఆ స్థితి రాదు. 12 డిగ్రీల పొద్దున మైలేజీ కాస్త తగ్గినట్టు కనిపిస్తే అది తాత్కాలికమే, ఎండ ఎక్కేసరికి సర్దుకుంటుంది. వాటికీ వేసవే గట్టి పరీక్ష. దూరప్రయాణం చేసి వచ్చిన వెంటనే వేడిమీద చార్జింగ్ పెట్టకుండా కాసేపు చల్లారనివ్వాలి. కొన్ని ఎలక్ట్రిక్ బండ్లలో లైట్లకూ తాళానికీ వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుందన్నది చాలామంది మరిచే సంగతి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇది పడిపోతే బండి తెరుచుకోదు.

ఈ వాదనను ఒప్పుకుంటే జాగ్రత్తల పంచాంగం మారుతుంది. ఫాల్గుణం నుంచి బండిని నీడన నిలపడం, కప్పు లేని చోట చెట్టు కిందైనా పెట్టడం, చలికాలంలో చేసే ఏ పనికంటే ఎక్కువగా బ్యాటరీ ఆయుష్షును పెంచుతుంది. ఇంత చూసుకున్నా మూడు నాలుగేళ్లకు దాని కాలం తీరుతుంది. అప్పుడు దాన్ని అటక మీద పడేయకూడదు, పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకు అసలే ఇవ్వకూడదు. ఆ పొగ పిల్లల మెదడుకు విషం. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. పాతదానిలో సీసానికి ధర ఉంది, కొత్తది కొనేటప్పుడు దాన్ని అంగడిలో ఇచ్చి ఆ మేరకు బిల్లులో తగ్గింపు అడిగి తీసుకోండి.